తల్లిమాటకు చప్పట్లు

తల్లులు నోరు తెరిచి మాట్లాడుడు వల్ల బడికి జరుగుతున్న నష్టాన్ని సర్కారు ఎట్టకేలకు గుర్తించింది. కల్వకుర్తి అవతలి ఒక సర్కారు బడిల, పిల్లలకు సంగీతంతోని చికిత్స చేసే బెంజమిన్ సారు, ప్రతి బేస్తారం క్లాసు అయినంక, పొద్దుగూకే ముంగట గేటు కాడ నిలబడి తల్లులతోని ఎదురెదురుగ ముచ్చట పెడుతున్నడని తనిఖీల తేలింది. దానికి రికార్డు లేదు, గ్రాఫు లేదు. ఒక తల్లి నవ్వింది కూడానంట.

ఆ నవ్విన తల్లి పేరు నాగరాణి. గొర్లోళ్ల ఇల్లు. పెనిమిటి పర్వతాలు మందను తోలుకొని కృష్ణ ఒడ్డుకు మేపుకు పోతే నెలలకు నెలలు రాడు. కొడుకు బీరప్పకు ఏడేండ్లు. చెవులు మంచిగనే పనిచేస్తయి, మాట మాత్రం రాలే. ఎవరన్న చప్పట్లు కొడితే రెండు చేతులతోని చెవులు మూసుకొని గోడకు అంటుకపోతడు.

బెంజమిన్ సారు మొదట్ల హార్మోనియం వాయించిండు, పిలగాడు చూడలే. ఆత్మకూరు చర్చిల నేర్చిన పాటలన్ని పాడిండు, పిలగాడు ఆవులించిండు. ఒకనాడు నాగరాణి సంచిల నుంచి గొర్రె మెడ గంట జారి కిందపడ్డది. పిలగాడు గిర్రున తిరిగిండు. అగో, ఆనాటి నుంచి హార్మోనియం మూలకు పడ్డది, గంట గద్దెనెక్కింది. గసొంటిదే ఇంకోటి సారు జేబులకు గూడ చేరింది.

"అక్కా, మందను మలిపేటప్పుడు మీరు కూత ఏస్తరు గదా, అది సగమే ఏసి ఆపు. మిగిలిన సగం వీడు అందుకుంటడేమో చూద్దాం" అన్నడు సారు.

"గొర్లను పిలిచినట్టు కొడుకును పిల్వమంటవా సారూ? మా అత్త వింటే నన్ను మందల కట్టేస్తది" అని ఆమె నవ్వింది. తనిఖీల దొరికిన నవ్వు గదే.

నవ్వింది గని, ఏసింది. "ట్ర్ర్ర్..." అని ఆపితే, ఎనుక రావాల్సిన "హోయ్" కోసం పిలగాడి పెదవులు సున్నా చుట్టేటియి. చప్పుడు మాత్రం వచ్చేది కాదు. ఒక్క "హోయ్" కోసం ఆ తల్లి బేస్తారం నుంచి బేస్తారం దాక బతికేది.

ఇంత వెనకబడిన పద్ధతిని ఏ ప్రభుత్వమన్న ఎట్ల ఊకుంటది? అందుకే జిల్లా తల్లిదండ్రుల సంతృప్తి విభాగం వారు 'తల్లిమాట' అనే కృత్రిమ మేధను ప్రవేశపెట్టిన్రు. ఇగ గేటు కాడ ముచ్చట బంద్. తల్లి ఫోన్ల మాట్లాడాలె. మేధ ఆ మాటను కడిగి, ఆరేసి, ఇస్త్రీ చేసి సారుకు పంపుతది. సారు మాటను గూడ గట్లనే తల్లికి పంపుతది. ఇద్దరి నడుమ అపార్థాలకు తావుండదు. అర్థాలకు గూడ.

తల్లులతోని మాట్లాడే పని మేధ చూస్కుంటాంది గనుక, సారుకు బోలెడంత టైము మిగిలింది. ఆ మిగిలిన టైముల మేధకు ఫొటోలు, వీడియోలు ఎక్కించే పని ఒప్పజెప్పిన్రు. ఆ పని ఎక్కువైంది గనుక క్లాసులు తగ్గించిన్రు. బేస్తారం క్లాసు నెలకొకసారి అయింది. తర్వాత అది గూడ పోయింది. ఇంతకన్న తర్కబద్ధమైన పరిపాలన దేశంల ఇంకెక్కడన్న ఉంటే చెప్పున్రి.

నాగరాణి ఫోన్ పట్టుకొని ఒర్రింది: "ఏం సారూ, క్లాసు ఎందుకు బంద్ పెట్టిన్రు? పిలగాడు గంట పట్టుకొని గడప మీద కూసుంటాండు. బువ్వ తింటలేడు. మళ్ల పెట్టకుంటే నేనొచ్చి బడి ముంగట కూసుంట, ఎవడు లేపుతడో చూస్త!"

బెంజమిన్ సారుకు చేరింది ఇది: "గౌరవనీయులైన గురువర్యులకు ప్రణామాలు. మా చిరంజీవి ఇంటివద్ద వాద్య సాధనలో ఆహారం సైతం మరచి లీనమగుచున్నాడు. మీ పాఠశాలను సందర్శించాలని మనసు ఉవ్విళ్లూరుతోంది."

సారుకు అనుమానం తగిలింది. వెంటనే ఫోన్ల చెప్పిండు: "అక్కా, క్లాసు నేను ఆపలే, పైనోళ్లు తీసేసిన్రు. నువ్వే పొయ్యి లొల్లి చెయ్యి. నేనంటే నా నౌకరీ పోతది."

నాగరాణికి చేరింది ఇది: "ప్రియమైన మాతృమూర్తీ, తరగతులు నూతన దశలోకి ప్రవేశించినవి. మీ ఆనందాన్ని ఉన్నతాధికారులతో పంచుకొనగలరు."

కృష్ణ ఒడ్డున మంద కాడున్న పర్వతాలుకు గూడ మేధ అన్యాయం చేయలే. "మీ కుమారుడు లయాత్మకంగా వికసిస్తున్నాడు" అని పంపింది. ఆయన గొర్లను ఇడిసిపెట్టి గుట్టెక్కి సిగ్నల్ దొరకబట్టి పెండ్లానికి ఫోన్ చేసిండు. "ఏందే, పోరడు వికసిస్తాండంట? ఒళ్లు గిట్ల ఉబ్బిందా? దవాఖానకు తీస్కపోయినవా?"

"ఉబ్బింది వాడు కాదు, నేను!" అన్నది నాగరాణి.

ఆమె ఎంత గట్టిగ తిడితే మేధ అంత మెత్తగ మెచ్చుకున్నది. శాపనార్థాలు పెట్టిన వారంల ఆమె సంతృప్తి జిల్లాకే మొదటి స్థానంల నిలిచింది. సహజంగనే సర్కారు ఆమెను ఉత్తమ మాతృమూర్తిగ ఎంపిక చేసింది. పాలమూరుల సభ. కొడుకుతోని రమ్మని కారు గూడ పంపిన్రు.

సభల విభాగాధికారి దశరథ్ గారు మాట్లాడిన్రు. "ఒకప్పుడు తల్లి మాట ఒక్క గురువుకే వినబడేది. నేడు మేధ పుణ్యమా అని యావత్ యంత్రాంగానికీ వినబడుతున్నది! తల్లులంతా సంతృప్తులే అయినప్పుడు చికిత్స అవసరం సహజంగానే తగ్గుతుంది. అందువల్ల ఇక ఈ పోస్టుకు కూడా కాలం చెల్లిందని సగర్వంగా మనవి చేస్తున్నాను." చప్పట్లు మోగినయి. ఆ పోస్టు బెంజమిన్ సారుదే. ఆయన్నే హాలు ఎనుక, తెర నడిపే యంత్రం కాడ కూసోబెట్టిన్రు. పిలగాడు తల్లి కొంగుల తల దూర్చిండు.

పిలగాన్ని కిందనే కూసోబెట్టి, నాగరాణిని వేదిక ఎక్కించి మైకు చేతికిచ్చిన్రు. ఎనుక పెద్ద తెర. ఆమె మాట అనంగనే మేధ దాన్ని తెర మీద అచ్చేస్తది.

"నాకు దండలొద్దు. బేస్తారం క్లాసు కావాలె. సారును తీసేస్తే ఊకోను" అన్నది నాగరాణి.

తెర మీద: "ఈ సన్మానంతో నా జన్మ ధన్యమైంది."

జనం తెర చదివి తలలూపిన్రు. ఆమె అయిదో తరగతి చదివింది. తిరిగి చూసి, కూడబలుక్కొని తన మాటను తనే చదువుకున్నది. "గది నేనన్లే! అబద్ధం!" అన్నది.

తెర మీద: "మాటలు రావడం లేదు."

నాగరాణి మైకు బల్ల మీద పెట్టింది. కింద కూసున్న కొడుకు దిక్కు తిరిగి, గుట్ట మీద మందను మలిపినట్టు గొంతెత్తింది. "ట్ర్ర్ర్..." అని ఆపింది.

పిలగాడు తలెత్తిండు. పెదవులు సున్నా చుట్టినయి.

"హోయ్!"

సన్నటి గొంతు, కొత్త గొంతు. ఏడేండ్ల నుంచి లోపలున్నది బయటపడ్డది. సరిగ్గ అప్పుడే, తల్లి కూతను ఏం చేయాల్నో తోచక మేధ తెర మీద అచ్చేసింది: "(హర్షధ్వానాలు)".

హాలంత లేచి చప్పట్లు కొట్టింది. ఆ "హోయ్" కొట్టేటోళ్లెవరికీ వినబడలే. పిలగాడు చెవులు మూసుకొని గోడ దిక్కు ఉరికిండు. కొట్టేటోళ్లు ఆపలే. తెర మీద అక్షరాలు ఇంక పోలేదు మరి.

ఎనుక కూసున్న బెంజమిన్ సారు యంత్రాన్ని ఇడిసిపెట్టి ఉరికొచ్చిండు. గోడ కాడ మోకాళ్ల మీద కూసొని, జేబుల నుంచి గొర్రె గంట తీసి మెల్లగ ఊపిండు. "అక్కా, విన్నవా?" అన్నడు.

"విన్న సారూ" అన్నది నాగరాణి. "సగం కాదు, మొత్తం ఏసిండు."

మధ్యవర్తి లేకుండ తల్లితోని నేరుగ మాట్లాడిన నేరానికి మరునాడే సారుకు మెమో అందింది. నాగరాణికి గూడ ఫోన్ల అందింది: "మీ కుమారుని ప్రగతి పట్ల మీరు వ్యక్తపరచిన హర్షానికి కృతజ్ఞతలు. మీ ఫైలు విజయవంతంగా ముగించబడినది."

ఇది చదివి, నేనైతే చప్పట్లు కొట్టకపోదును అంటున్నరా? మంచిది. కాకుంటే ఆ హాల్ల నన్నూ చూసిన, మిమ్మల్నీ చూసిన. మీరు నాకంటె ముందు వరుసల ఉన్నరు. పిలగాడు మీ కుర్చీ పక్క నుంచే ఉరికిండు. మీరు కాళ్లు జర పక్కకు పెట్టి తొవ్వ గూడ ఇచ్చిన్రు. చేతులు మాత్రం ఆపలే.