ఎనిమిదో లైను నల్లా జడ్జి సంగ్రామము

గోదావరికి దక్షిణతీరమున, రామగుండము ఠేషనులో కూసిన రైలు కూత గాలివాలునుబట్టి వినబడియు వినబడని దూరమున, భూదేవి కడుపులోని బొగ్గును పెకలించి లోకమునకు నిప్పు పంచి తమ ఇంటికి మాత్రము చెమటను తెచ్చుకొను వీరులు వసించు గోదావరిఖని పట్టణమున, ప్లవంగ నామ సంవత్సర వైశాఖ బహుళ పక్షమున, అనగా క్రీస్తుశకము పందొమ్మిది వందల అరువదియేడవ వత్సరపు మే నెల చివరి ఆదివారమున, రేకుల మీద ఆరబోసిన జొన్నలు తమంతట తామే పేలాలగు ఎండలో, ఎనిమిదో లైను నలువదియొక్క క్వార్టర్ల జనము తమకొక న్యాయాధిపతిని ఎన్నుకొనెను. ఆ కథ చెప్పెదను, వినుడు. వినినవారికి పుణ్యము రాదు. నల్లా దగ్గర వరుసలో ఎట్లు నిలబడవలెనో మాత్రము తెలియును.

ఎనిమిదో లైనుకు నల్లా ఒక్కటే. పొద్దున ఒక గంట, సాయంత్రము ఒక గంట అది నీరు విడుచును. నీటికి ముందు నల్లా గద్దె మీద ఎవరి గురుతు రాయిని వారు వరుసగా పెట్టుదురు. నీరు రాగానే రాయి స్థానమున బిందె వచ్చును. ఈ శిలాపరంపరయే ఆ లైను ధర్మశాస్త్రము. రాయి జరిగినదనియు, జరుపబడినదనియు వచ్చు వ్యాజ్యములను తీర్చుటకు ఒక పెద్దమనిషి ఉండును. ఆయనను నల్లా జడ్జి అందురు. ఆ పదవికి జీతము లేదు, కుర్చీ లేదు. తీర్పు చెప్పునప్పుడు తలకు రుమాలు చుట్టుకొను అధికారము మాత్రము కలదు. అయిదేండ్లు ఆ రుమాలు చుట్టిన ఆగయ్య ఉగాదినాడు కొలువు చాలించి తన ఊరికి తరలిపోగా, ఎనిమిదో లైను రాజులేని రాజ్యమయ్యెను.

అట్టి అరాచక కాలముననే ఉత్పాతము పుట్టెను. టింబరు మేస్త్రీ కొమురెల్లి భార్య పోశవ్వ, నాలుగవ స్థానమునకు అధీశ్వరి, తన చెల్లెలి కాన్పుకని మందమర్రికి పోయి మూడు దినములుండెను. రాయి గద్దె మీదనే ఉండెను, మనిషి లేదు. తిరిగి వచ్చి చూడగా ఆమె రాయి ఐదవ స్థానమున ఉండెను. నాలుగవ స్థానమున, గని దీపాల గదిలో పనిచేయు తీతు అనువాని భార్య ఎలిజబెత్తు రాయి కొలువుదీరియుండెను. రాయి నీళ్లు తాగదు కదా, మూడు దినములు ఖాళీగా ఉన్న జాగా ఉన్నవారిదే యని ఎలిజబెత్తు వాదము. అందులో న్యాయము లేకపోలేదు.

నాలుగుకును ఐదుకును ఏమి భేదమని తొందరపడి నవ్వువారు కాసేపు ఆగుడు. ఆ గద్దె కట్టిననాడు గోదావరి ఇసుకను తట్టలతో మోసినది నలుగురు స్త్రీలు. ఆ నలుగురికే మొదటి నాలుగు స్థానములు. నాలుగవ ఆమె పోశవ్వ. క్వార్టరు కంపెనీది, ఉద్యోగము మగనిది, ఊరిలోని అరెకరము మరుదులది. ఈ భూమండలమున పోశవ్వది అని చెప్పదగినది నల్లా దగ్గర నాలుగో నంబరు ఒక్కటే. అది పోయిననాడు ఆమె అన్నము ముట్టలేదు. ఈ మాట చెప్పుటకు నాకును కష్టముగానే ఉన్నది.

భార్య అన్నము ముట్టకుండుట చూచి, కూలబోవు గని కప్పును దుంగలతో నిలబెట్టు కొమురెల్లి, బొగ్గుధూళిధూసరితశ్మశ్రువును దువ్వి, తానే జడ్జి పదవికి నిలబడెదనని ఘోషించెను. అది విని, వందల దీపములకు పోషకుడును, అబద్ధమాడుట చేతగానివాడును అగు తీతు, తన భార్య పోరు పడలేక తానును నిలబడెను. ఎన్నికకై వేసిన పందిరి కింద చేరిన జనసమూహము రెండుగా చీలెను.

గనిలో రెండు యూనియనులు గలవు. ఆ రెండు జెండాలును నల్లా గద్దె మీదికి రావలెనని ఉబలాటపడెను. అప్పుడు ఎన్నికల అధికారిగా కూర్చున్న బడిపంతులు లింగమూర్తి లేచి, నల్లా నీటికి రంగు లేదు గనుక నల్లా జడ్జికిని రంగు ఉండరాదని శాసించెను. జెండాలు మడిచి పెట్టెలలో పెట్టిరి. పిమ్మట ఓటు ఎట్లు వేయవలెనను ప్రశ్న పుట్టెను. చీటీలన్నచో చదువురానివారు నూటికి ఎనుబది. చేతులెత్తుటయన్నచో రేపటినుండి ముఖములు చూచుకొనలేరు. బొగ్గును తొట్లకెత్తు ఫిల్లరు రాయమల్లు మహోపాయమును సెలవిచ్చెను. ప్రతి కార్మికునికిని ఒక ఇత్తడి బిళ్ళ ఉండును. దానిని దీపాల గదిలో అప్పగించి దీపమును పుచ్చుకొని గనిలోనికి దిగుదురు. పైకి వచ్చి దీపమిచ్చి తిరిగి పుచ్చుకొనుదాక ఆ బిళ్ళ అక్కడి కొయ్యకు వ్రేలాడును. ఒక మనిషికి రెండు బిళ్ళలుండవు, దొంగబిళ్ళ పుట్టదు. అదే ఓటు కావలెను. పరదా వెనుక రెండు కుండలు. పసుపు బొట్టుది కొమురెల్లిది, సున్నపు గీతది తీతుది. సభ ఆనందబాష్పములు రాల్చెను. ఆ బిళ్ళ మీద నంబరు చెక్కియుండునన్న సంగతి, దినమునకు రెండుసార్లు ఆ నంబరునే పలుకు నలువదియొక్క మందిలో ఒక్కనికిని తోచలేదు. కంటి రెప్ప కంటికి కనబడదు.

ఇంతలో స్త్రీజనము కదలివచ్చెను. బిందె మోయునది మేము, వరుసలో నిలబడునది మేము, నల్లా కుడికి తిరుగునో ఎడమకు తిరుగునో ఎరుగని మగవారు జడ్జిని ఎన్నుకొనుట ఏమి చోద్యమని నిలదీసిరి. చివరకు బిళ్ళ మగనిది, వేయు చేయి ఇల్లాలిది యని సంధి కుదిరెను. ఏ కుండలో వేయవలెనో మగవారు ఇంట్లో చెప్పి పంపిరి. చెప్పితిమి గదా యని వేపచెట్టు నీడన నిశ్చింతగా బీడీలు ముట్టించిరి.

అట్లు మధ్యాహ్నము రెండు గంటలకు ఆరంభమైన ఆ మహాసమరమున, కంకణఝణఝణత్కారములు దిక్కులు పిక్కటిల్లగా, ఒక్కొక్క వీరనారి కొంగున ముడివేసిన బిళ్ళతో పరదాలోనికి పోవుటయు, ఠంగుమను శబ్దము వెలువడుటయు, ఆమె ఏమియు ఎరుగనట్టు ముక్కు తుడుచుకొనుచు వచ్చుటయు నాలుగు గంటలదాక సాగెను. నలువదియొక్క ఠంగులు లెక్కకు వచ్చెను. ఏ ఠంగు ఏ కుండదో పైవాడికే ఎరుక.

లింగమూర్తి పంతులు కుండలను బయటికి తెచ్చి, రహస్య ఓటింగు దిగ్విజయముగా ముగిసినదనియు, ఇక ఎవరి బిళ్ళ వారు పట్టుకొనిపోవచ్చుననియు పలికెను. మరునాడు షిఫ్టుకు బిళ్ళ కావలెను గదా. పసుపు బొట్టు కుండలో చేయి పెట్టి మొదటి బిళ్ళను తీసి, మీద ఉన్న నంబరును బిగ్గరగా చదివెను. చదివిన పిమ్మట ఆయన నోరు తెరచినది తెరచినట్టే ఉండెను.

అప్పటికిగాని ఎనిమిదో లైనుకు తాను చేసిన పని తెలియలేదు. కాని వెనుకకు పోవు మార్గమేది? నంబరు పిలువనిదే బిళ్ళ ఎవరిదో తెలియదు. బిళ్ళ లేనిదే మస్టరులో హాజరు లేదు. పంతులు ఒక్కసారి కనులు మూసి తెరచి, భారతయుద్ధమున మృతుల పేర్లు చదువువానివలె చదువసాగెను. కొమురెల్లికి మేనబావయై, పొద్దుననే అతని ఇంట కల్లు తాగి ఓటు నీకేనని ఒట్టు పెట్టిన రాజము బిళ్ళ సున్నపు గీత కుండనుండి వెడలెను. రాజము భార్యవంక చూచెను. భార్య ఆకాశమువంక చూచెను. అట్టి చూపులు ఆ సాయంత్రము అనేకములు.

పసుపు బొట్టు కుండనుండి రెండువందల అరువదియెనిమిదవ నంబరు వెడలెను. అది తీతు బిళ్ళ. తీతు లేచి, తన సొంత ఓటు తన శత్రువు కుండనుండి పుచ్చుకొని కూర్చుండెను. ఎలిజబెత్తు తలవంచలేదు. ఆమె నలుగురికిని వినబడునట్లు ఇట్లు పలికెను:

“ఈయన జడ్జి అయితే లైనోళ్లకు జడిసి నన్నే ఎనుకకు నెడ్తడు. ఈయన నీతి నాకు పదేండ్ల సంది ఎర్కే, నిలబెట్టినంకనే యాదికొచ్చింది. కొమురెల్లన్న అయితే, పెండ్లానికే ఇచ్చుకున్నడంటరని సిగ్గుకన్న నాకు నాలుగో నంబరు ఇడుస్తడని ఏసిన.”

సభ ఈ రాజనీతికి విస్తుపోయి ఉండగనే, సున్నపు గీత కుండ అడుగునుండి చివరి బిళ్ళ వెడలెను. నాలుగువందల పదియేడు. కొమురెల్లిది. ఆ ఒక్కదానితో తీతునకు ఇరువదియొకటి, కొమురెల్లికి ఇరువది ఆయెను. ఇద్దరు ఇల్లాండ్రును మగని మాట వినియున్నను ఇదే లెక్క. వినకపోయినను ఇదే లెక్క. పోశవ్వ ఒక్కతె వినియున్నచో కొమురెల్లి ఆనాడు రుమాలు చుట్టెడివాడు. ఎన్నో గని కప్పులను కూలకుండ నిలిపిన ఆ భుజములు ఒక్కసారిగా వంగెను. పోశవ్వ నేలచూపు చూచెను.

తీతు తలకు రుమాలు చుట్టెను. అది ఆయనకు చిన్నదయ్యెను. మొదటి వ్యాజ్యము ముందే ఉన్నది. ఇరుపక్షముల వాదములను విని, గద్దె మీది రెండు రాళ్లను చాలసేపు చూచి, నిదానముగా ఇట్లనెను:

“దీపాల గదిల నా పని ఏంది? బిళ్ళలు చూసుడు. షిఫ్టు అయిపోయినంక గూడ కొయ్యకు బిళ్ళ ఉన్నదంటే మనిషి లోపటనే ఉన్నట్టు. రాలేదని ఆ బిళ్ళ తీసి పారేస్తమా? వచ్చేదాక సూస్తం. రాయి గూడ గంతే. పోశక్క రాయి ఉన్నన్ని దినాలు నాలుగో నంబరు పోశక్కదే. ఎలిజబెత్, నువ్వు ఐదుల నిలబడు.”

కొయ్యకు మిగిలిపోయిన బిళ్ళ తాలూకు మనిషి కొరకు గని ముఖమున ఎదురుచూచినవారు ఆ లైనులో ఇంటికొకరున్నారు. ఎలిజబెత్తు మగనివంక చూచిన చూపునకు ఆ పూట ఆయింట పొయ్యి వెలగదని అందరికిని అర్థమాయెను. అయినను ఆమె వంగి పోశవ్వ రాయిని నాలుగవ స్థానమునకు తెచ్చి, తన రాయిని తానే ఐదవ స్థానమున పెట్టెను. నీతిమంతుని కట్టుకున్నదానికి ఇట్టివి తప్పవు.

ఆరు గంటలకు నల్లా మొదట దగ్గెను, పిమ్మట తుప్పునీరు కక్కెను, ఆ పిమ్మట ధార కట్టెను. మూడు బిందెలు నిండెను. పోశవ్వ తన ఇత్తడి బిందెను నల్లా కింద పెట్టినప్పుడు, పరాజితుడైన కొమురెల్లి మెల్లగా దగ్గరికి వచ్చి, ఎంత దుఃఖమును మింగెనో గాని, అడుగవలసినది అడిగెను.

“నేను గెలిస్తే నీకు ఇయ్యకపోదునా పోశీ? ఎవ్వడేమన్నా ఇచ్చేటోన్ని.”

“ఎర్కే,” అనెను పోశవ్వ, ధారవంకనే చూచుచు. “నువ్విస్తే అది నువ్విచ్చిందయితుండె. ఇది నాది.”

కొమురెల్లి వంగి, నిండిన బిందెను ఆమె చంకకెత్తెను.

ఇట్లు, రెండు కుండలును నలువదియొక్క బిళ్ళలును సాధనములుగా, అనేక దాంపత్యములు క్షతగాత్రములు కాగా, ఏ జెండాయు ఎగురకుండ జరిగిన ఆ ఘోరసంగ్రామమున ధర్మము జయించెను. సాయంకాలము ఆరు గంటల పదునొకండు నిమిషములకు పోశవ్వ బిందె నిండెను. ఐదవ బిందె దానికి రెండు నిమిషముల తరువాత నిండెను.