మొదీర్ గారు వేసిన రోడ్డు

అరబ్బు దేశంలోని వఫ్రా ఎడారిలో వేట డేరాలకు ఇకమీద క్రమశిక్షణ వచ్చేసిందని ఆఫీసు మొదీర్, అంటే పెద్దాఫీసరు, అబూ మిషాల్ గారు ప్రకటించినప్పుడు అది ఫొటోతో సహా పేపర్లో పడింది. ఫొటోలో ఆయన వేలు పెట్టి ఇసుకను చూపిస్తున్నాడు. ఇసుక కూడా శ్రద్ధగా వింటున్నట్టే ఉంది.

ప్రకటనలో రెండే రూల్సు. ఒకటి, వేటకొచ్చినవాళ్ళ డేరా రోడ్డుకు అర కిలోమీటరు లోపల ఉండకూడదు. ఉంటే నోటీసు. నోటీసిచ్చిన ఇరవై నాలుగు గంటల్లో కదలకపోతే డేరా జప్తు. రెండు, ఎవరి బండైనా సరే రోడ్డు మీదే పోవాలి. ఇసుకలోకి దిగితే బండి జప్తు. ఈ రెండోది మాత్రం రోడ్డు పని పూర్తయిన రోజునుంచి అమలు.

ఆ ఎడారిలో రోడ్డనేదే లేదు. ఇంత చిన్న సంగతికి వెనక్కి తగ్గే మనిషి కాదు మొదీర్ గారు.

మహబూబ్ బాషాది రాయచోటి. కఫీల్, అంటే వీసా ఇచ్చిన అరబ్బు యజమాని, అతని వేట డేరాకు కాపలా, వంట, డేగలకు మాంసం, అన్నీ అతనే. గురువారం సాయంత్రం కఫీల్ డేగలతో వస్తాడు. హుబారా పిట్టల కోసం రెండు రోజులు తిరుగుతాడు. పిట్ట కనబడదు. అన్నం తిని పోతాడు. మిగతా రోజులు బాషా, ఇసుక.

ఆ ఏడు బాషా పెండ్లి. రెండుసార్లు తేదీ తప్పింది. కాబోయే అత్త షరీఫా బీ క్యాసెట్టులో మాట రికార్డు చేసి పంపింది. "మార్చిలో గూడా నువ్వు రాలేదనుకో నాయనా, మా రజియాను మదనపల్లె సంబంధానికి ఇచ్చేస్తాం. ఆ పిల్లోడు యాడికీ పోడు. ఇంటికాడే ఉంటాడు." ఆ ముక్క దగ్గర టేపు అరిగిపోయి, అత్త గొంతు మొగగొంతుగా మారింది.

పాస్‌పోర్టు కఫీల్ బీరువాలో ఉంది. బాషా పోయి అడిగాడు.

"సీజన్ అయిపోయేదాకా డేరా జప్తు కాకుండా చూడు. చూసినావంటే పాస్‌పోర్టు, టికెట్టు రెండూ ఇస్తా. జప్తయిందా, ఖలాస్" అన్నాడు కఫీల్.

డిసెంబరు మొదటి వారం మొదీర్ గారి జీపు వచ్చింది. తోలేది కడప బాబ్జాన్. వెనక సీట్లో కళ్ళకు టోపీ తొడిగిన డేగ. అది ఆఫీసు పని మీదే వచ్చిందని, పైకెగిరి దూరాలు చూస్తుందని బాబ్జాన్ చెప్పాడు. జీపు వెనకాల ఒక లారీ. లారీలోంచి ఇద్దరు దిగి, సున్నం కొట్టిన ఖాళీ డ్రమ్ము ఒకటి డేరా గుంజ పక్కనే దించారు.

"ఇదేందన్నా?" అన్నాడు బాషా.

"రోడ్డు."

"యాడ?"

"మేం దేని మీద వచ్చినామనుకుంటాండావు? ఆఫీసు బండి ఎట్ల పోతే అదే రోడ్డు. గుర్తుకు డ్రమ్ములు పెట్టుకుంటా వస్తాండాం."

"మీరు రాకముందు ఈడ రోడ్డు లేదు గదన్నా?"

"అందుకే గదా వచ్చింది!"

మొదీర్ గారు స్వయంగా టేపు పట్టి కొలిచాడు. డ్రమ్ముకూ డేరాకూ మూడు మీటర్లు. ఆయన తల అడ్డంగా ఊపాడు. తప్పు చేసినవాడి కంటే పట్టుకున్నవాడికే ఎక్కువ బాధ కలగడం పెద్ద అధికారుల లక్షణం. ఆ బాధతోనే రెండు ప్లేట్ల మాంసం అన్నం తిని, పచ్చ కాగితం మీద నోటీసు రాసిచ్చి వెళ్ళాడు.

తూర్పున విడిగా ఇంకో డేరా ఉంది. దానికి కాపలా జగిత్యాల వెంకటి. కబురు వినంగానే పరుగున వచ్చాడు.

"ఏందే బాషన్నా, పెండ్లి కాకముందే కాపురం మారుస్తున్నవ్?"

"నవ్వింది చాల్లే. గుంజ పట్టుకో."

ఒక్కడు పట్టుకుంటే లేచే డేరా కాదది. ఇద్దరూ గుంజలు పీకి, తాళ్ళు చుట్టి, అర కిలోమీటరుకు ఇంకో వంద అడుగులు ఎక్కువే పోయి మళ్ళీ దించారు.

వారం తిరిగాక మొదీర్ గారు డేరా కదిలిందో లేదో చూద్దామని వచ్చాడు. గుమ్మం దాకా వచ్చాడు. డ్రమ్ము దిగింది. నోటీసు.

మూడోసారి బాషా ఎదురు పరిగెత్తి ఎర్ర తువ్వాలు ఊపాడు. "సార్, ఆడే నిలబడండి! దుర్బీనులో చూడండి! మీకు అన్నం ఆడికే తెస్తా!"

బాబ్జాన్ అరబ్బీలో చెప్పాడు. మొదీర్ గారికి కళ్ళు చెమ్మగిల్లాయి. "చట్టమంటే ఇంత గౌరవం ఉన్న మనిషిని దూరం నుంచి చూడటం నా డ్యూటీకే అవమానం" అని దగ్గరికొచ్చాడు. డ్రమ్ము. నోటీసు.

ఆరోసారికి బాషా డేరాను వనెట్ బండి, అంటే చిన్న ట్రక్కు, మీదనే నిలబెట్టేశాడు. గుంజలు బండి తొట్టిలో, తాళ్ళు బంపర్లకు. జీపు ఎటొస్తే బాషా అటునుంచి ఇటు తోలుకుంటూ పోయాడు. ముందు డేరా, వెనక జీపు, జీపు వెనక లారీ. లారీలో వాళ్ళకు డ్రమ్ములు దించే తీరిక లేక దొర్లించేశారు. కాసేపు జీపులో డేగ కూడా టోపీ కిందనుంచి చూడాలని తంటాలు పడింది. చివరికి పెట్రోలు అయిపోయి డేరా ఆగింది.

"బండి మీదున్నా డేరా డేరానే అంటాండాడు మా సారు" అన్నాడు బాబ్జాన్ ఆయాసంగా. "బండి గూడా దొరికింది కాబట్టి రెండో రూలుకు అడ్వాన్స్ నోటీసు ఇస్తాడంట. తీసుకో, రెండు."

"రెండో రూలు ఇంకా రాలేదు గదన్నా?"

"వచ్చినాక ఇస్తే అందరికీ ఇచ్చినట్టే. నిన్ను ముందు గౌరవించినాడు."

ఫిబ్రవరి ఆఖరుకు డేరా పదకొండుసార్లు కదిలింది. బాషాకు నోటీసు మాటలు కంఠతా వచ్చేశాయి. వెంకటి అరచేతులు తాళ్ళకు కోసుకుపోయాయి. పేపర్లో మళ్ళీ ఫొటో పడింది. రాయి గానీ తారు గానీ ఒక్క చెంచాడు వాడకుండా అరవై కిలోమీటర్ల రోడ్డు వేసిన ఘనత మొదీర్ గారిదని రాశారు. రోడ్డు పూర్తయింది కాబట్టి ఈ శుక్రవారం పొద్దుటినుంచి రెండో రూలు అమలు.

సీజన్ ఆఖరుకొచ్చినా డేరా జప్తు కాలేదు. గురువారం వచ్చిన కఫీల్ మాట తప్పలేదు. పాస్‌పోర్టు, టికెట్టు బాషా చేతిలో పెట్టాడు. శుక్రవారం సాయంత్రం నాలుగింటికి ఫ్లైటు. ఆదివారం నిఖా.

పొద్దున్నే కఫీల్ తన కొత్త జీఎంసీ బండిలో బాషాను ఎక్కించుకున్నాడు. తూర్పుకు నేరుగా పోతే తారురోడ్డు ముక్కాలు గంట. కానీ ఇసుకలోకి దిగితే బండి జప్తు. అందుకని డ్రమ్ముల వెంబడే పోయారు. పదకొండో డేరా జాగా, పదో జాగా, తొమ్మిదో జాగా. ప్రతిచోటా బాషా వండిన పొయ్యి బూడిద. ఎండ నెత్తి మీదికొచ్చింది.

ఒంటిగంటకు మొదటి డ్రమ్ము దొరికింది. రోడ్డు మొదలయ్యేది అక్కడే. దాని అవతల తారురోడ్డు లేదు, ఆఫీసు లేదు. పెద్ద డేరా ఒకటుంది. దాని తాడు ఆ డ్రమ్ముకే కట్టి ఉంది. గుమ్మం ముందు ఏడు డేగలు. పక్కన ఈకలు పీకిన హుబారాల కుప్ప. లోపల తివాచీ మీద మొదీర్ గారు, పేపరు ఫొటోగ్రాఫరు.

మొదీర్ గారు లేచొచ్చి అరబ్బుల మర్యాద ప్రకారం కఫీల్ ముక్కుకు ముక్కు తాకించాడు. కఫీల్ ఆ పిట్టల కుప్పను చూశాడు. చూసి, చెప్పులు విప్పి తివాచీ మీద కూర్చున్నాడు. ఖహ్వా కాఫీ వచ్చింది. రెండో కప్పు తర్వాత, తన మనిషికి ఫ్లైటుందని కఫీల్‌కు గుర్తొచ్చింది.

"నా జీపు పంపిస్తా" అన్నాడు మొదీర్ గారు. అంత పెద్ద మనసు.

బాబ్జాన్ జీపును నేరుగా ఇసుకలోకి దించాడు.

"అన్నా! రోడ్డు దిగినావు!" అన్నాడు బాషా.

"ఈ బండికి రోడ్డుతో ఏం పని? రోడ్డే దీని ఎనకాల వస్తాది."

బాషా వెనక్కి చూశాడు. లారీ బయల్దేరింది.

కాసేపటికి ఎదురుగా వెంకటి డేరా కనబడింది.

"కొంచెం పక్కకు తిప్పన్నా."

"ఆ పక్క పల్లం, ఈ పక్క దిబ్బ. చుట్టు తిరిగొస్తే నీ ఫ్లైటు పోతాది. తిప్పమంటావా?"

బాషా జేబులో టికెట్టు తడుముకున్నాడు. జీపు డేరాకు నలభై అడుగుల్లో పోయింది. బాబ్జాన్ నోటీసు పుస్తకం బాషా ఒళ్ళో పడేశాడు. "నా చేతులు ఖాళీ లేవు. నువ్వు రాయి. నీకు కంఠతా గదా!"

జీపు చూసి వెంకటి ఎగురుకుంటూ వచ్చాడు. చేతిలో గుడ్డమూట.

"చెప్పకుంట పోతవేమో అనుకున్ననే! ఇగో, తొవ్వల తిననీకి రొట్టెలు చేసిన. వదినెను అడిగిన్నని చెప్పు."

బాషా మూట అందుకున్నాడు. పచ్చ కాగితం ఇచ్చాడు. వెంకటి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. అట్లాంటివి పదకొండు చూసినవాడే.

"రేపు గీ యాల్టిదాకనా టైము?"

"ఊఁ."

"మరి నువ్వు పోతివి. గుంజ ఎవలు పడ్తరే?"

బాబ్జాన్ గేరు మార్చాడు. వెనకాల డ్రమ్ము దిగిన చప్పుడు వినబడింది. బాషా వాచీ చూసుకున్నాడు. ఫ్లైటుకు ఇంకా టైముంది. మొదీర్ గారు వేసిన రోడ్డు అంత బాగుంది.