మొండయ్య గదిలో బీరు కుళాయి

ఆ శుక్రవారం పొద్దున మొండయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నానికి గదిలో బీరు కుళాయి బిగించాలి. సాయంత్రం పది మందిని పిలిచి తలా ఒక గ్లాసు పోయాలి. బీరంటే సౌదీలో దొరికే బీరే. బకాలా కొట్లో పెరుగు డబ్బాల పక్కన పెట్టి అమ్మే జీరో బీరు. ఎంత తాగినా కడుపు నిండుతుందే తప్ప తల తిరగదు.

మొండయ్యది జగిత్యాల దగ్గర ఊరు. తబూక్‌లో ఒక పొలాల కంపెనీలో కోల్డ్ స్టోరేజీ మెకానిక్కు. పదకొండేళ్లు గదిలో తోడున్న లక్ష్మణ్ రెండు నెలల క్రితం ఫైనల్ ఎగ్జిట్ మీద, మళ్లీ రాకుండా, ఊరెళ్లిపోయాడు. ఆ మంచం మీదికి కంపెనీ ఇంకెవరినీ పంపలేదు. మొండయ్య కొన్నాళ్లు ఆ మంచం మీద, కొన్నాళ్లు తన మంచం మీద పడుకుని చూశాడు. తేడా ఏమీ తెలియలేదు. కంపెనీ క్యాంపులో నూట ఇరవై మంది ఉన్నా ఎవరి గది వారిది, ఎవరి ఫోను వారిది. ఊరికే రమ్మంటే ఎవరూ రారు. ఏదో ఒక కారణం ఉండాలి. ఆ కారణాన్నే అతను చేత్తో తయారు చేయదలచుకున్నాడు.

కొత్త యంత్రం కొనే స్తోమత లేదు. కంపెనీ పారేసిన వాటర్ కూలరును బాగుచేశాడు. మూతబడిన కూల్‌డ్రింకుల కొట్టు తాలూకు గ్యాసు సిలిండరు, కుళాయి పాత సామాన్ల సంతలో దొరికాయి. పొద్దున్నే ఆరు పెట్టెల జీరో బీరు తోపుడు బండి మీద తెచ్చుకున్నాడు. గేటు దగ్గర కాపలావాడు అదంతా కళ్లప్పగించి చూశాడు.

పనిలోకి దిగే ముందు భార్య పుష్పకు వాయిస్ మెసేజ్ పెట్టాడు. "ఇయ్యాల రూంల బీరు మిషిన్ ఫిట్ జేస్తున్న. పొద్దుమూకె వరకు పది మంది వస్తరు."

జీరో అన్న మాట చెప్పడం మరిచిపోయాడు.

పుష్ప అప్పుడు నలుగురితో కూర్చుని బీడీలు చుడుతోంది. స్పీకరులో ఆ మాట నలుగురూ విన్నారు. సౌదీలో బీరు చేస్తే ఏమవుతుందో ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెప్పారు. ఏ రకంలోనూ మనిషి ఇంటికి తిరిగి రాలేదు. ఆమె వెంటనే మొండయ్యకు ఫోను చేసింది. డ్రిల్లు మోతలో అతనికి వినపడలేదు. లక్ష్మణ్‌కు చేసింది. లక్ష్మణ్ కూడా మొండయ్యకు నాలుగుసార్లు ఫోను కొట్టి, దిక్కుతోచక క్యాంపు ఇన్‌ఛార్జి ఇంజినీరు జనార్దన్ గారికి ఫోను చేసి, పోలీసులకు తెలిసేలోగా ఎలాగైనా ఆపమని బతిమాలాడు.

జనార్దన్ గారు గుంటూరు మనిషి, భయస్థుడు. కాపలావాడికి ఫోను చేసి మొండయ్య గదిలో ఏముందని అడిగాడు. సిలిండరు, పైపులు, ఆరు పెట్టెలు అని జవాబొచ్చింది. ఆయన వెంటనే మొండయ్యను ఊరికి పంపేయడానికి ఎగ్జిట్ కాగితాలు సిద్ధం చేయమని ఆఫీసుకు చెప్పి కారెక్కాడు. కాపలావాడు ఊరుకోకుండా ఆ సంగతి బ్లాకంతా చాటాడు. పోలీసులొస్తే అందరినీ పట్టుకుపోతారని బ్లాకులోని వాళ్లంతా దుప్పట్లు చంకన పెట్టుకుని అవతలి బ్లాకుకు తరలిపోయారు.

ఇదేమీ మొండయ్యకు తెలియదు. కుళాయి బిగించి, బీరు కూలరులో పోసి, పది గ్లాసులు కడిగి వరసగా బోర్లించాడు. వరండాలోకి వెళ్లి చూస్తే ఏ గుమ్మం ముందూ చెప్పుల జత లేదు. మూడు తలుపులు తట్టాడు, ఎవరూ పలకలేదు. తిరిగొచ్చి లక్ష్మణ్ మంచం మీద కూర్చున్నాడు. కుళాయి పెడితే కూడా రాని మనుషులు ఇంక దేనికొస్తారనిపించింది. సరే, ఒక్కడినే తాగుదామని బీరును తోసే గ్యాసు తిప్పాడు. మనసు ఎక్కడో ఉండి అరచుట్టు తిప్పాల్సింది రెండు చుట్లు తిప్పాడు.

తలుపు తోసుకుని జనార్దన్ గారు లోపల అడుగుపెట్టడమూ, కుళాయి ఊడి ధార ఆయన మొహాన కొట్టడమూ ఒకేసారి జరిగాయి. మొండయ్య సిలిండరు కట్టేసి తువ్వాలు అందించాడు. ఆయన తుడుచుకోలేదు. మీసం మీది నురగ నాలుకతో చూశాడు. మళ్లీ చూశాడు.

"ఇది తియ్యగా ఉందేంటయ్యా?"

"దానిమ్మ రకం సార్. గేటవతలి దుకాణంలదే."

జనార్దన్ గారు మంచం మీద కూలబడి, పొద్దుటి నుంచి జరిగిందంతా చెప్పాడు. తరవాత ఆఫీసుకు ఫోను చేసి కాగితాలు చింపేయమన్నాడు. కానీ గదిలో సిలిండరు ఉండటానికి వీల్లేదని, యంత్రాన్ని మెస్సుకు చేర్చమని అన్నాడు.

మొండయ్య తల వంచుకున్నాడు. "రూంలనే ఉండనియ్యుండ్రి సార్. గిది ఈడుంటెనే ఎవరన్న వస్తరు."

జనార్దన్ గారు రెండో మంచం వైపు, బోర్లించిన పది గ్లాసుల వైపు చూశాడు.

"మెస్సులోనే పెట్టు. కానీ నువ్వు తప్ప ఎవరూ దాన్ని ముట్టుకోకూడదని నేను చెబుతాను," అన్నాడు చివరికి.

మొండయ్య మొట్టమొదట పుష్పకు ఫోను చేసి అరగంట తిట్లు తిన్నాడు. రెండు నెలల్లో వాళ్లు అంతసేపు మాట్లాడుకోవడం అదే మొదలు.

అప్పటి నుంచి ప్రతి శుక్రవారం మెస్సులో కుళాయి ముందు క్యాంపు వాళ్లు బారు తీరుతారు. ధార మరీ సన్నం. గ్లాసు నిండటానికి నాలుగు నిమిషాలు పడుతుంది. ఆ నాలుగు నిమిషాలూ నిలబడ్డవాడు మొండయ్యతో పిల్లల చదువుల గురించో, మోకాళ్ల నొప్పుల గురించో మాట్లాడక తప్పదు. నురగ రాకుండా ఉండాలంటే ధార అంతే ఉండాలని మొండయ్య అందరికీ చెబుతాడు. కంపెనీ మొత్తంలో అంతటి మెకానిక్కు మరొకడు లేడు గనుక అందరూ నమ్ముతారు.