వదిన తిరిగొస్తుందనడానికి రుజువు

మానవజాతిని రెండే రెండు రకాలుగా విభజించవచ్చు: తిరిగొస్తామని చెబితే సరిపోయేవాళ్లు, తిరిగొస్తామని రుజువు చేయాల్సినవాళ్లు. రంగు, భాష, చదువు, ఇవన్నీ పైపై తేడాలు. నేను నీటి సరఫరా ఆఫీసులో ఇరవై రెండేళ్లుగా గుమాస్తాగా ఉన్నాను. ఫారాలంటే నాకు భక్తి. కుళాయి కనెక్షను కావాలన్నవాడు తాతగారి పుట్టుమచ్చలు కూడా రాయాలనే నిబంధనను స్వయంగా ప్రతిపాదించినవాణ్ణి (పరిశీలనలో ఉంది). అందుచేత ఈ రాసేదంతా వ్యవస్థ మీద కోపంతో కాదనీ, ఒక కళాకారుడికి సాటి కళాకారుల మీద ఉండే గౌరవంతో రాస్తున్నాననీ మనవి.

విషయం మా వదినది. మా అన్నయ్య భార్య. టైలరు. బస్టాండు వెనక వీధిలో ఒకే ఒక్క గది, అందులో మిషను, ఇస్త్రీ బల్ల, నిలువుటద్దం. వదినకు ఒక్కతే చెల్లెలు, చిట్టి. వాళ్లమ్మ పోయేనాటికి చిట్టికి ఆరేళ్లు, వదినకు పద్దెనిమిది. తల దువ్వి బడికి పంపడం దగ్గర్నుంచి అన్నీ వదినే చూసింది. ఆ చిట్టి పదేళ్లుగా వేరే దేశంలో కళ్లద్దాల కొట్లో పనిచేస్తోంది. అక్కడే ఒక వంటమాస్టర్ని ఇష్టపడింది, పెళ్లి కుదిరింది, రెండున్నర నెలలు టైముంది. పెళ్లిబట్టలు వదినే కుట్టాలి. ఒంటిమీద మూడుసార్లు వేసి చూడకుండా పెళ్లిబట్ట పూర్తి చేయడమన్నది వదిన మతంలో లేదు.

"పన్నెండు రోజులు మరిదీ. వెళ్తాను, కుడతాను, నా చేత్తో దానికి తొడుగుతాను, పెళ్లి చూసి వచ్చేస్తాను. ఆ కాగితాలేవో నువ్వు చూడు" అంది.

నాకు ఒళ్లు పులకరించింది. ఇన్నాళ్లకు నా స్థాయికి తగిన ఫారం దొరికింది.

సందర్శక వీసా ఫారం యాభై నాలుగు పేజీలు. పదకొండో పేజీలో "మీరు గతంలో ఏ ప్రభుత్వాన్నైనా పడగొట్టారా?" అని ఉంది. అవును, కాదు, కొంతవరకు అని మూడు గడులు. "మిషను మీద నుంచి లేవడానికే తీరిక లేదు, ప్రభుత్వాన్నెక్కడ పడగొట్టను?" అంది వదిన. ఆ మాట గడిలో పట్టలేదు. ఇరవై ఆరో పేజీలో గత పదేళ్లలో పడుకున్న ఇళ్లన్నీ రాయమన్నారు, తలగడ ఏ దిక్కున పెట్టారో సహా. ఫోటో మాత్రం నాలుగుసార్లు తిప్పికొట్టారు. గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకుని పనిచేసే మనిషి కదా, నోట్లో ఒక్క సూదీ లేకపోయినా వదిన పెదాలు బిగించే ఉంటాయి. "దరఖాస్తుదారు నోటిలో ఏదో దాస్తున్నట్టుగా ఉంది" అని రాసి పంపారు. ఐదోసారి అన్నయ్య కెమెరా వెనక నిలబడి "నీ మిషను అమ్మేశాను" అన్నాడు. నోరు తెరిచింది. ఆ ఫోటో పాసయింది.

ఇంటర్వ్యూ రోజు అద్దం వెనక ఒక అధికారిణి కూర్చుని ఉంది. హోదా: తిరుగు ప్రయాణ విశ్వాస విభాగంలో రెండో తరగతి అనుమాన అధికారి. మర్యాదస్తురాలు. ఒక్క మాటా గట్టిగా అనలేదు.

"మీరు తిరిగి వస్తారని మేమెందుకు నమ్మాలి?"

"మా ఇల్లు ఇక్కడుందండీ. మా ఆయన ఇక్కడున్నాడు."

"భర్త ఉండటం వల్ల ఆడవాళ్లు తిరిగొస్తారని మా లెక్కల్లో ఎక్కడా తేలలేదమ్మా."

పక్క కుర్చీలో ఉన్న అన్నయ్య మొహం మాడిపోయింది. ఆవిడ మాత్రం నిదానంగా బంధబలం పట్టిక తీసింది. దరఖాస్తుదారును స్వదేశానికి కట్టిపడేసే బంధాలకు పాయింట్లు ఉంటాయి. యాభై దాటితే వీసా. సొంతిల్లు పన్నెండు. భర్త నాలుగు. (పిల్లి ఏడు. వదినకు పిల్లి లేదు.) మామిడి చెట్టో జామ చెట్టో ఉండి, అది కాపుకొస్తే మూడు. మరిది అర పాయింటు.

"అరా?" అన్నాను.

"మామూలుగా సున్నా ఇస్తామండీ. మీరు వెంట వచ్చారని."

మొత్తం పంతొమ్మిదిన్నర. ఇంకో అవకాశం ఇస్తాం, బంధాలు పెంచుకుని రండి అని పంపించారు. ఇంటికొచ్చేదాకా అన్నయ్య ఒక్క మాటే అన్నాడు. "పిల్లి కంటే మూడు తక్కువ."

ఇక్కడ మా వదిన వృత్తి రహస్యం ఒకటి చెప్పక తప్పదు. పనితనంలో ఆవిడకు వంక పెట్టలేం. చెప్పిన రోజుకు బట్టలు ఇవ్వడం మాత్రం ఆవిడ జన్మలో లేదు. అందరి దగ్గరా బట్టలు తీసుకుంటుంది, అందరివీ కత్తిరిస్తుంది, ఒక చెయ్యి కుట్టి "శుక్రవారం రండి" అంటుంది. ఏ శుక్రవారమో ఎవరూ అడగరు. ఆ గదిలో దండేనికి వేలాడుతున్న సగం చొక్కాలూ, ఒంటికాలి ప్యాంట్లూ చూస్తే ఊరంతా అక్కడే బట్టలు విప్పేసి పారిపోయిందా అనిపిస్తుంది.

మర్నాడు నేను కొట్లో తల పట్టుకుని కూర్చుని ఉండగా బడి హెడ్మిస్ట్రెస్ గారు వచ్చి మిషను ముందున్న వదిన మీద విరుచుకుపడ్డారు. "ఎనిమిది నెలలైందమ్మా నా కోటు ఇచ్చి! విదేశాలకు వెళ్తున్నావటగా! ఎలా వెళ్తావో నేనూ చూస్తాను! నా కోటు పూర్తయ్యేదాకా నిన్ను వదిలేది లేదు!"

నేను లేచి నిలబడ్డాను. ఒళ్లంతా జల్లుమంది.

"అమ్మా, ఆ మాటే కాస్త కాగితం మీద రాసి, కింద బడి ముద్ర వేసి ఇస్తారా?"

వారం రోజుల్లో అరవై మూడు ఉత్తరాలు పోగయ్యాయి. పళ్ల డాక్టరు "నా ప్యాంటు రెండో కాలు ఆమె చేతిలో ఉంది, ఆమె రాకపోతే నా గతేమిటి" అని రాశాడు. ఒక పోలీసాయన "ఎక్కడికెళ్లినా లాక్కొస్తాను" అని రాశాడు. ఒక కొత్త పెళ్లికూతురు రాసిన ఉత్తరం మీద కన్నీటి చారలున్నాయి (ఆమె పెళ్లయి మూడేళ్లు). మనిషిని ఒక ఊరికి ఇంత గట్టిగా కట్టిపడేసిన బంధాలు నా సర్వీసులో నేను చూడలేదు. వదిన అవన్నీ చదివి, "నా మీద ఇంత ప్రేమా వీళ్లకి!" అంది.

అనుమాన అధికారిణి కూడా కదిలిపోయింది. పూర్తికాని బట్ట ఒక్కంటికి ఒక్కో పాయింటు చొప్పున అరవై మూడు, పాతవి కలిపి ఎనభై రెండున్నర. అద్దం వెనక లేచి నిలబడి మరీ అభినందించింది. ఒకటే షరతు: తనిఖీ అయ్యేదాకా బంధాలు బంధాలుగానే ఉండాలి. ఒక్క బట్టా పూర్తి కాకూడదు.

మేం గాల్లో తేలుతూ ఇంటికొచ్చాం. వదిన పెట్టె సర్దింది. కత్తెరలు విమానంలో పైన పెట్టుకోవాలా, కింద సామానులో వేయాలా అని నన్ను పదిసార్లు అడిగింది. అటు చిట్టి ఫోనులో చిన్నపిల్లలా కేకలు పెట్టింది. "అక్కా, నువ్వొచ్చేదాకా అద్దం ముందుకే వెళ్లను!"

కానీ ఆ ఉత్తరాలు వదిన మనసులో ఏదో చేశాయి. తనిఖీకి రెండు రోజుల ముందు కొట్టుకు వెళ్లేసరికి హెడ్మిస్ట్రెస్ గారి కోటు బొత్తాలతో సహా మెరిసిపోతోంది. పక్కన ఇంకో పదకొండు.

"వదినా! ఏమిటిది?"

"పాపం మరిదీ, అంతంత ప్రేమగా రాశారు. వెళ్లేలోగా ఇచ్చేద్దామని..."

"ఇరవై ఏళ్లుగా రాని బుద్ధి ఇప్పుడే రావాలా?"

అన్నయ్యా, నేనూ, వదినా ముగ్గురం కూర్చుని ఆ పన్నెండూ ఊడదీశాం. హెడ్మిస్ట్రెస్ గారి కోటు చేతులు ఊడదీయబోతుంటే ఆవిడే వచ్చారు. పూర్తయిన కోటును ఆవిడ ఒకే ఒక్క క్షణం చూశారు. అప్పుడావిడ చేసిన శబ్దాన్ని నేను ఏ ఫారంలోనూ రాయలేను.

తనిఖీకి వచ్చినాయన పద్ధతైన మనిషి. ప్రతి సగం చొక్కానూ ముట్టుకుని చూశాడు, ప్రతి ప్యాంటుకూ కాళ్లు లెక్కపెట్టాడు. అరవై మూడూ సరిపోయాయని సంతకం పెట్టాడు. నాకు ఆయన కాళ్లకు దణ్ణం పెట్టాలనిపించింది.

నాలుగో రోజు ఉత్తరం వచ్చింది. యథాతథంగా ఇస్తున్నాను:

"తనిఖీలో అరవై మూడు పూర్తికాని పనులు వాస్తవమని తేలినది. అరవై మూడు మంది కోపంగా ఉన్నవారు, అందులో ఒకరు పోలీసు, తన కోసం ఎదురుచూస్తున్న చోటికి ఏ మనిషైనా తిరిగి వచ్చునని నమ్ముటకు ఈ విభాగానికి ఏ కారణమూ కనిపించలేదు. దరఖాస్తు తిరస్కరించడమైనది. మీ ప్రయాణం శుభప్రదం అగుగాక."

(ఆ చివరి వాక్యం అన్ని ఉత్తరాల కిందా అచ్చు వేసే ఉంటుందట.)

గుమాస్తాగా నేను ఆ తర్కానికి చేతులెత్తి నమస్కరించాను. మరిదిగా మాత్రం ఆ రోజు వదిన మొహం చూడలేకపోయాను. ఆవిడ ఏడవలేదు. పెళ్లిగుడ్డ ఒళ్లో పెట్టుకుని, దాని మడతలు అలా సవరిస్తూనే కూర్చుంది.

చిట్టి గట్టిది. "నువ్వు రాలేకపోతే నేనే వస్తానక్కా. ఆయన్ని తీసుకుని వస్తాను. పెళ్లి అక్కడే. అంతేగా!" అంది.

అంతే కాదు. చిట్టి రెండేళ్ల కింద అక్కడి పాస్‌పోర్టు తీసుకుంది. అంటే ఇప్పుడు మన దేశానికి చిట్టి విదేశీ సందర్శకురాలు. మన వీసా కావాలి. ఆ ఫారం మనవాళ్లు తయారుచేసింది. చెప్పుకోకూడదు గానీ వాళ్ల ఫారం కంటే రెండు పేజీలు ఎక్కువే. నాకు గర్వంగా అనిపించింది.

మన పద్ధతి తిరగేసి ఉంటుంది. వచ్చినవాళ్లు ఇక్కడే ఉండిపోకూడదు కాబట్టి, ఇక్కడ బంధాలుంటే పాయింట్లు పోతాయి. స్నేహితులకు రెండు, పినతండ్రులకు ఐదు తీసేస్తారు. తోడబుట్టినవాళ్లుంటే నేరుగా తిరస్కరణే. కాబోయే పెళ్లికొడుక్కి ఇక్కడ ఒక్క నరమానవుడూ తెలియదు కాబట్టి ఒక్క రోజులో వీసా ఇచ్చేశారు. చిట్టి ఫారం నేనే ఫోనులో దగ్గరుండి నింపించాను. ముప్పై ఎనిమిదో పేజీ దగ్గర చిట్టి ఆగింది.

"ఇక్కడ... 'ఈ దేశంలో మీకున్న రక్తసంబంధీకులు' అని ఉంది."

వదిన నా చేతిలోంచి ఫోను లాక్కుంది.

"లేరని రాయవే."

"నువ్వున్నావు కదే అక్కా."

"నేనుంటే నువ్వు రాలేవు. రాసెయ్."

"నాకు చేతులు రావట్లేదక్కా..."

"తిక్క పిల్లా, కాగితం మీదే కదా! నేనెక్కడికీ పోనుగా. రాయి. ల... ఏత్వం... రాశావా?"

రాసింది. మూడు రోజుల్లో వీసా వచ్చింది. దాని మీద ఎర్రసిరాతో "ఎవరూ లేరు, అర్హురాలు" అని ముద్ర.

చిట్టీ, పెళ్లికొడుకూ వచ్చిన ఆ పది రోజులూ కొట్లో పండగే. మూడు ట్రయల్స్ అన్న మనిషి ఏడు వేసింది. నడుం దగ్గర అంగుళం తగ్గించింది, అన్నం సరిగ్గా తినట్లేదని తిట్టి మళ్లీ అంగుళం వదిలింది. పెళ్లికొడుక్కి భాష రాకపోయినా గుండుసూదుల డబ్బా పట్టుకుని నిలబడ్డాడు. పెళ్లిరోజుకు బట్టలు పూర్తయ్యాయి. అవును, చెప్పిన రోజుకే. హెడ్మిస్ట్రెస్ గారు ప్రత్యేకంగా చూడ్డానికొచ్చి, నమ్మలేక బొత్తాలు లాగి చూశారు.

రిజిస్ట్రారు ఆఫీసులో చిట్టి ఎంత బాగుందో నేను రాయలేను. వదిన దాని భుజం దగ్గర లేని దారప్పోగును పదిసార్లు దులిపింది. గుమాస్తా, మంచి పనివాడు, నాలాంటివాడే, కంప్యూటరు చూసి తల అడ్డంగా ఊపాడు.

"పెళ్లికూతురి తరఫున కుటుంబ సభ్యుల సంతకం కావాలండీ. ఈవిడకు ఇక్కడ ఎవరూ లేరని వస్తోంది."

"నేను దాని అక్కని" అంది వదిన.

"మీరుంటే ఈవిడ వీసా చెల్లదమ్మా. వీసా చెల్లకపోతే పెళ్లి చెల్లదు." అని గొంతు తగ్గించి దయగా అన్నాడు. "ఏం ఫర్వాలేదు, దిక్కులేనివాళ్ల కోసం రూలొకటుంది. దారిన పోయేవాళ్లెవరైనా సాక్షి సంతకం పెట్టొచ్చు."

పెళ్లికూతురు అక్క చెయ్యి వదల్లేదు. రెండో చేత్తోనే వదిన సంతకం పెట్టింది.

గుమాస్తా సిరా ఆరేదాకా ఊది, రిజిస్టరు మూసి, నవ్వుతూ అన్నాడు: "చాలా థాంక్సమ్మా. ఈ రోజుల్లో ముక్కూ మొహం తెలియనివాళ్ల కోసం ఎవరు ఆగుతారు చెప్పండి!"