మునిసిపాలిటీ టముకు, మరిడమ్మ కోళ్ళు

పాఠక మహాశయులారా! పట్టణ పరిపాలన పట్టణవాసులకు అర్థం కాకపోవడాన్ని మించిన మేలు మరొకటి లేదు. దీపస్తంభాలు ఛైర్మనుగారి వీధిలోనే ఎందుకు మొలుస్తాయో తెలిసినవారికి నిద్ర పడుతుందా? మనం కట్టే ఇంటిపన్ను ఏ కాలువలో కలుస్తోందో తెలిస్తే తిన్న అన్నం ఒంటబడుతుందా? ఈ బాధలేవీ మన మీద పడకుండా తామే మోస్తున్న కౌన్సిలు మెంబర్లకు దండలు వేయవలసింది పోయి, మనం అర్జీలు వేస్తున్నాము!

ఇంతటి ప్రశాంతత మొన్న శ్రావణంలో ఒక్క పూట చెడింది. ఎవరి తప్పో విచారించి చెప్పడం నా విధి.

మా ఊళ్ళో గోదావరి గట్టున జాలరిపేట రేవు ఉన్నది. పడవలు ఆగేదీ, చేపలు దిగేదీ అక్కడే. ఆ రేవు మూయించి, దొరలూ ప్లీడర్లూ సాయంత్రం పూట గాలి పీల్చుకోవడానికి పార్కు వేయించాలని కౌన్సిలు వారు తలచారు. గాలి పీల్చేవారికి చేపల వాసన గిట్టదు కదా! పడవలను కోసెడు దూరం దిగువన బురదలో ఆపుకోవచ్చునట. అంత దూరం తట్ట మోసుకు వచ్చేసరికి సరుకు మెత్తబడిపోతుందంటారా? ఏం చేస్తాము, చేపకు పట్టణాభివృద్ధి తెలియదు.

అయితే, ఎవరికైనా ఆక్షేపణ ఉన్నదేమో జనాన్ని అడగవలసిందని పైనుంచి ఉత్తరువు వచ్చింది. ఛైర్మను చంద్రరావుగారు నియమం తప్పని మనిషి. బంట్రోతు వీరాస్వామిని పిలిచి, మీటింగు రోజున జాలరిపేటలో టముకు వాయించి చాటమన్నారు. అంతకు మునుపు ఆ పేటలో టముకు మోగేది ఒకే ఒక్క పనికి. ఎగువన గోదావరి పొంగినప్పుడు.

పేటకు పెద్దదిక్కు, చేపలమ్ముకునే మరిడమ్మ ఆ వేళ గుమ్మంలో కూర్చుని చిరిగిన వల అల్లుకుంటున్నది. వెనకటి పెద్ద వరదలో, టముకువాడి మాట పూర్తిగా విందామని ఆగిన పొరుగింటివారు ఇల్లూ దూడా పోగొట్టుకోవడం ఆమె కళ్ళారా చూసింది. అందుచేత "ఇందుమూలముగా యావన్మందికీ" అన్నంత వరకే విన్నది. వల వదిలి లేచింది. కుండ నెత్తిన పెట్టుకుని, మనవరాలిని చంకనెత్తుకుని, కోళ్ళ గంప చేతబట్టింది. ఆమె కదిలితే పేట కదిలింది. వీరాస్వామి మాత్రం మిగిలిన వాక్యాన్ని ఖాళీ గుడిసెలకు శ్రద్ధగా వినిపించాడు.

వరద వస్తే ఎవరైనా ఎటు పోతారు? మెరకకు. మా ఊరిలో అన్నిటికన్న మెరకన ఉన్నది మునిసిపల్ ఆఫీసే. మెంబర్ల పాదాలు తడవకూడదని ముందుచూపుతో కట్టినది.

కౌన్సిలు కొలువుతీరిన తరుణంలో పేట పేటంతా వరండా ఎక్కింది. చోటు చాలక లోపలికే వచ్చింది. కట్టిన నాటి నుంచి పన్ను కట్టేవాడెవడూ అడుగుపెట్టని సభామందిరమది! మెంబర్లు తిరుగుబాటనుకున్నారు. ఒకాయన కాళ్ళు కుర్చీ మీదికి తీసుకున్నారు. ఇంతలో గంప మూత జారింది. పుంజు బల్ల మీదికెగిరి, సిరాబుడ్డి దొర్లించి, తీర్మానం మీద నిలబడి కూసింది.

చంద్రరావుగారు తేరుకుని ఇదంతా ఏంటే అని మరిడమ్మను గద్దించారు. వరదొచ్చిందని టముకేశారు కదండి అన్నదామె.

"వరదా లేదు, గిరదా లేదు. మీ రేవు మూసే సంగతికి వేయించాం. మీకేమైనా అభ్యంతరం ఉందా అని."

మరిడమ్మ కుండ దించి నేల మీద పెట్టింది.

"ఆయ్. అయితే టముకు సరిగ్గానే మోగిందండి. గోదారి వరదైతే నాల్రోజులకి దిగిపోద్దండి. ఇది దిగదు కదండి."

చంద్రరావుగారు రూల్సు పుస్తకం తిరగేయసాగారు. పిల్లల ఏడుపులో, కోళ్ళ అరుపులో చర్చ సాగక, రేవు సంగతి వచ్చే మీటింగుకు వాయిదా పడింది.

కోళ్ళు బయటికి పోయిన తరువాత కౌన్సిలు వారు దీర్ఘంగా ఆలోచించి దోషాన్ని పట్టుకున్నారు. తెలియజేస్తే జనం వస్తున్నారు! ఇక మీద మీటింగులకు టముకు కూడదని, ఇంగ్లీషు నోటీసు ఆఫీసు పెరటి గోడకు అంటించాలని తీర్మానించారు. ఇందులో తెలియజేయడమూ ఉన్నది, తెలియకపోవడమూ ఉన్నది. రెండింటినీ ఒక్క గోడ మీద కుదిర్చిన ఈ ప్రజ్ఞకు నేను చేతులు జోడిస్తున్నాను.

నాలో ఒక్కటే లోపం. మిషను బడిలో ఏళ్ళ తరబడి పాఠం చెప్పినదాన్ని కావడం చేత మనసులో చదువుకోవడం చేతకాదు. పైకి చదవాలి, వెంటనే తెలుగులో అర్థం చెప్పుకోవాలి. నిన్న నేను ఆ గోడ ముందు నిలబడి ఈ అభ్యాసం చేస్తుండగా, మరిడమ్మ చేపల తట్ట దించుకుని అక్కడే నీడన కూర్చుని ఉన్నది. ఆమెకు చెవులుండడం నా నేరమా?

రేవు సంగతి మంగళవారం నాడట.

"ఈసారి వరద లేదు కదండి, అమ్మగారూ. కుండలు తేవక్కర్లేదా అండి?" అని అడిగింది.

కుండలు అక్కరలేదన్నాను. కోళ్ళను మాత్రం మరచిపోవద్దన్నాను.