ఆలస్యానికి వరస

సోమవారం ఉదయం కుట్టు టీచరు మిషన్లన్నిటికీ నూనె వేసి, బోర్డు ముందు నిలబడింది. ఆ రోజు చొక్కా కాలరు మొదలుపెట్టాలని ఆమె ఉద్దేశం. తొమ్మిదయినా పై అంతస్తులోని ఆ గదిలో మిషన్లూ, ఆమే తప్ప ఎవరూ లేరు. కుట్టు కేంద్రం మేనేజరు వచ్చి ఖాళీ కుర్చీలు చూసి గడ్డం గోక్కున్నాడు.

"శుక్రవారం తొమ్మిదింటికి మళ్ళీ వస్తానమ్మా. అప్పటికీ ఇలాగే ఉంటే ఉదయం బ్యాచి ఎత్తేద్దాం."

ఆ బ్యాచి పోతే ఆమె ఉద్యోగమూ పోయినట్టే. ఇంటికెళ్ళి అక్క దగ్గర బావురుమంది. అక్క బళ్ళో పంతులమ్మ.

"పెద్దవాళ్ళని తిడితే ఏం బాగుంటుందే. ఎందుకు ఆలస్యమైందో అందరి ముందూ నిలబెట్టి చెప్పించు. సిగ్గుపడి వాళ్ళే దారికొస్తారు," అంది అక్క.

సిగ్గుపడే రకాలు వేరే ఉంటాయని పాపం అక్కకేం తెలుసు? మంగళవారం మొదట దొరికింది రిటైరైన బస్సు డ్రైవరు. మనవరాలికి గౌను కుట్టాలని చేరాడాయన. బోర్డు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సర్వీసులో ఎంతమంది చెయ్యెత్తినా ఆపకుండా పోయానమ్మా. ఆ పాపం కడుక్కుందామని ఇప్పుడు ఎవరు చెయ్యెత్తినా స్కూటరు ఆపుతున్నా. ఇవాళ ఒకాయన చెయ్యెత్తాడు. ఎంతసేపు చూసినా బండెక్కడు. తీరా చూస్తే గోడకి రంగేస్తున్నాడు."

క్లాసంతా పొట్ట పట్టుకుని నవ్వింది. టీచరు నవ్వు దాచుకోవడానికి బోర్డు వైపు తిరిగి, కాలరు బదులు జేబు గీసేసింది.

బుధవారం, ఆసుపత్రి డ్యూటీ దిగి క్లాసుకొచ్చే నర్సమ్మ వంతు.

"నైట్ డ్యూటీ నుంచి ఇంటికెళ్తే మా ఆయన గురక వినపడలేదు. కంగారుపడి నాడి చూశా. ఆయనకి అప్పుడే నిద్రపట్టిందట, లేచి కూర్చున్నాడు. మళ్ళీ పడుకోబెట్టి వచ్చేసరికి ఇదిగో, ఇంతయింది."

గురువారానికి సగం క్లాసు కావాలనే ఆలస్యంగా వచ్చింది. కారణాలతోనే పొద్దుపోయింది, కాలరు కత్తిరించలేదు. టీచరుకు ఒళ్ళు మండింది.

"రేపటి నుంచి ఆలస్యంగా వచ్చినవాళ్ళలో మొదటి ఇద్దరే చెప్పాలి. మిగతావాళ్ళు నోరు మూసుకుని కూర్చోవాలి," అని తేల్చేసింది.

శుక్రవారం టీచరు ఎనిమిదింటికే వచ్చి కూర్చుంది. తొమ్మిదయింది. గదిలో ఒక్కరూ లేరు. నా నోట్లో నేనే మట్టి కొట్టుకున్నానని టీచరు కొంగుతో కళ్ళొత్తుకుంది. మరికాసేపటికి కింద మేనేజరు గొంతు వినిపించింది కానీ మనిషి పైకి రాలేదు. వెళ్ళి తొంగిచూస్తే, మెట్ల నిండా ఆమె క్లాసే, ఒకరి వెనక ఒకరు. కింది మెట్టు మీద నర్సమ్మ మేనేజరుకు చెయ్యి అడ్డం పెట్టింది.

"మీరూ లేటే కదా సార్. వరసలో రండి."

"మీరంతా ఎప్పుడొచ్చారు?"

"ఎనిమిదిన్నరకే సార్. మొదటి ఇద్దరికే ఛాన్సు మరి."

"ఎనిమిదిన్నరకి వస్తే ఆలస్యమెలా అవుతుందమ్మా?"

"ఆ తిప్పలే పడుతున్నాం," అన్నాడు పై మెట్టు మీది డ్రైవరు. "అయిదు నిమిషాల ఆలస్యానికి కారణమేం చెప్తాం? పదిహేనన్నా కానివ్వండి. పోనీ, నా చోటు తీసుకోండి సార్."

మేనేజరుకు తప్పలేదు. బోర్డు ముందు నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"టైముకి రావడం గురించి మీకు నాలుగు ముక్కలు చెబుదామని అద్దం ముందు చెప్పి చూసుకుంటున్నా. మా ఆవిడ విని, బాలేదు, మళ్ళీ చెప్పమంది. మూడుసార్లు చెప్పించింది."

మిషన్లు అదిరేలా నవ్వారు. తను చెప్పినదానికి ఇంట్లో గానీ ఆఫీసులో గానీ ఎవరూ ఇంతగా నవ్విన జ్ఞాపకం ఆయనకు లేదు. టీచరు వైపు తిరిగాడు.

"అరగంట ముందొచ్చి నిలబడే క్లాసుని నేనెక్కడా చూడలేదు. ఈ బ్యాచి ఉంటుందమ్మా."

టీచరు ఈసారి ఏడుపు దాచుకోలేదు. డ్రైవరు మనవరాలి గౌను గుడ్డే అందించాడు.

సోమవారం తనిఖీ ఏమీ లేకపోయినా మేనేజరు క్లాసుకి పది నిమిషాలు ఆలస్యంగా వచ్చాడు.