ఊదితే ఎర్రదీపం

పరికరాలు కనిపెట్టే అల్లుడు దొరకడం అదృష్టమని అందరూ అంటారు. ఆ పరికరాలను ముందు అత్తగారి మీదే ప్రయోగిస్తాడని మాత్రం ఎవరూ చెప్పరు.

ఆ ఉదయం అత్తగారి ప్రయాణం. చిన్నకూతురు ప్రసవించింది. రైలెక్కి, సాయంత్రానికల్లా మనవరాలిని ఒళ్లోకి తీసుకోవాలని పెట్టె సర్దుకుని కూర్చుంది. అల్లుడికీ అది పెద్దరోజే. అరచేతిలో ఇమిడే తన కొత్త పరికరాన్ని ఆఫీసులో పెద్దలకు చూపించాలి, ఫొటోలు దిగాలి. ఏదో పొడి కలిపిన నీళ్లు తాగి అందులోకి ఊదితే చాలు. కడుపులో ఇన్‌ఫెక్షన్ ఉంటే ఊపిరిలో అమోనియా పసిగట్టి ఎర్రదీపం వెలిగిస్తుంది. సూది లేదు, గొట్టం మింగే పని లేదు.

తమ వంశంలో జుట్టు నెరవదని వారానికోసారైనా చెప్పుకునే ఆ ఇంజనీరు అల్లుడు, తడి ఆరని తల దువ్వుకుంటూ వచ్చాడు. వెనకాలే స్నానాలగదిలోంచి ఘాటైన వాసన.

"ఏవిటండీ ఆ కంపు?" అంది ఇల్లాలు.

"నేల కడిగాను," అన్నాడు. పెళ్లయ్యాక అతను నేల కడగడం అదే మొదలు. ఆవిడ అప్పుడే అనుమానించవలసింది.

"అత్తయ్యగారూ, పసిబిడ్డ దగ్గరికి వెళ్తున్నారు. ఒక్కసారి ఊదండి," అని ఆవిడ చేత పొడినీళ్లు తాగించి, ముఖం మీదికి వంగాడు.

ఊదింది. ఎర్రదీపం.

"నాకు రాళ్లు తిన్నా అరుగుతాయండీ," అంది అత్తగారు నీరసంగా.

"యంత్రం అబద్ధమాడదు. ప్రయాణం మానుకోవలసిందే."

ఇల్లాలు ఊదింది. ఎరుపే. పెట్టె మోయడానికి పైకొచ్చిన ట్యాక్సీ డ్రైవరునీ వదల్లేదు. అతనికీ ఎరుపే.

"ఆ పొడినీళ్లు తప్ప మీ ఇంట్లో నేనేం ముట్టుకోలేదు కదా సార్," అంటూ డ్రైవరు గుమ్మంలో కూలబడి భార్యకి ఫోన్ చేశాడు. "పిల్లల్ని నా కంచం ముట్టనివ్వకే."

"అంటే ఊరంతా పాకిపోయిందన్నమాట," అన్నాడు ఇంజనీరు, కొంచెం గర్వంగానే.

అత్తగారు పెట్టె తెరిచి, తను కుట్టిన చిన్న గౌను తీసి పెద్దకూతురి చేతిలో పెట్టింది. "పోస్టులో పంపించవే. అది పెరిగేలోపు చేరితే చాలు."

అల్లుడు డాక్టరుకి ఫోన్ చేద్దామని బాల్కనీలోకి వెళ్లాడు. బల్లమీది పరికరంలో దీపం పచ్చబడింది. ఇల్లాలు మళ్లీ ఊదింది. పచ్చ. తల్లి, పచ్చ. డ్రైవరు, పచ్చే. ఆవిడ పరికరం పట్టుకుని మెల్లగా బాల్కనీలోకి నడిచింది. మొగుడి తల దగ్గరికి చేరగానే అది ఎర్రగా వెలిగింది.

"మీ వంశంలో జుట్టు నెరవదన్నారు కదండీ," అంది.

"అది... ఆ నేల మందు..."

"నేల తలకెక్కిందా? యంత్రం అబద్ధమాడదన్నారు మీరే. అవతల అమ్మ రైలు వెళ్లిపోతోంది."

అతను లోపలికి చూశాడు. అత్తగారు ఖాళీ ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుని ఉంది.

"తప్పు నాదే అత్తయ్యగారూ," అన్నాడు, డ్రైవరు కూడా వింటుండగా. "ఫొటోల కోసం పొద్దున్నే జుట్టుకి అమోనియా కలిసిన రంగేసుకున్నాను. మీ కడుపులో ఏమీ లేదు. ఉన్నదంతా నా తలమీదే."

అత్తగారు కూతురి చేతిలోంచి గౌను లాక్కుని పెట్టెలో పెట్టుకుంది.

ఆ రోజు ఆఫీసులో పరికరం చక్కగా పనిచేసింది. కనిపెట్టినాయన మాత్రం హాలు అవతలి మూల నిలబడవలసి రావడంతో, ఒక్క ఫొటోలోనూ పడలేదు.